ఎనిమిదో దెబ్బ తర్వాత

గుంటమగ్గం ముందు కూర్చోవడమంటే నడుము దాకా నేలలోకి దిగడమే. ధర్మవరంలో ఆ వీధిలో సగం మంది పగలంతా అట్లాగే బతుకుతారు. దారిన పోయేవాళ్ళకు కిటికీలోంచి వాళ్ళ తలలు, భుజాలు మాత్రమే కనిపిస్తాయి. కాళ్ళు ఎక్కడున్నాయని అడిగితే వాళ్ళకే ఒక్కోసారి గుర్తుండదు, అంతగా తిమ్మిరెక్కి ఉంటాయి.

నాగమణి హిందూపురం నుంచి ఆ వీధిలో ఒక ఇంటికి కోడలుగా వచ్చి తొమ్మిదేళ్ళయింది. వచ్చిన వారానికే గుంటలోకి దిగింది. పెద్దంచు పట్టుచీరకు ఒక మనిషి చాలడు. నడిమి భాగం ఒక రంగు, అంచు ఇంకో రంగు. ఆ రెండు రంగుల పోగులు కలిసేచోట ఒకదానికొకటి మెలేయకపోతే చీర ఒకపక్క, అంచు ఒకపక్క అయిపోతుంది. ఎడమ పక్క కూర్చున్న మొగుడు ఉమాశంకర్ పోగు మోసే నాడెను విసిరితే అది పోగుల మధ్య జారి కుడి పక్కనున్న నాగమణి చేతికి వస్తుంది. ఆమె మెలేసి తన నాడెను పంపుతుంది. ఆయన పోగులను బిగించే అచ్చును దగ్గరికి లాగి దెబ్బ కొడతాడు.

అట్లా ఎనిమిది దెబ్బలు పడితే అంచు మీద ఒక మెట్టు పూర్తవుతుంది. మెట్టు పూర్తయినప్పుడల్లా ఉమాశంకర్ ఆగుతాడు. ఒళ్ళంతా కుడివైపుకు వంచి ఆమె నేసిన అంచును చూపుడు వేలితో తడిమి చూస్తాడు. బాగుందనిపిస్తే ‘ఊఁ’ అంటాడు. ఆ ‘ఊఁ’ వచ్చాకే ఆమె చేయి కదలాలి.

దీనికి కారణం లేకపోలేదు. పెళ్ళయిన కొత్తలో, కడుపుతో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఆమెకు కునుకు పట్టింది. జానెడు పొడవున మెలి పడలేదు. చీరలు తీసుకునే షావుకారు దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, ఆ సందుకు కన్ను పెట్టి చూస్తూ, ‘ఏమప్పా ఉమాశంకర్, ఇది చీరనా, కిటికీనా’ అన్నాడు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. ఆ నలుగురు ఆ మాట ఎప్పుడో మరిచిపోయారు, ఉమాశంకర్ మరవలేదు. ఆనాటి నుంచి మెట్టు మెట్టుకూ వంగి చూడడం, ఊఁ అనడం.

అతను చెడ్డవాడేమీ కాదు. కొట్టడు, తిట్టడు, తాగడు. అదే నాగమణికి వచ్చిన చిక్కు. ‘మా ఆయన ఊఁ అంటాడు’ అని పుట్టింటికి పోయి ఏడిస్తే ఎవరైనా నవ్వరా? తాగి తన్నే మొగుడుంటే వీధిలో పదిమంది అయ్యో అంటారు. ఊఁ అనే మొగుడికి అయ్యో అనేవాళ్ళు ఏ దేశంలోనూ లేరు. కాబట్టి ఆమె లోపల్లోపలే ఉడికిపోయేది. ఊఁ వచ్చే లోపల ఊపిరి కూడా బిగబట్టేదని ఆమెకే తెలియదు.

తొంభై ఎనిమిదో సంవత్సరంలో ఎదురింటి లక్ష్మక్క మిద్దె మీది గదిలో సంగీతం చెప్పడం మొదలైంది. చెప్పే రాధిక టీచర్‌ది పెనుకొండ. భర్త రైల్వేలో గార్డు. మొదట రైల్వే క్వార్టర్సులోనే చెప్పబోతే పక్కింటివాళ్ళు పిల్లల గోల పడలేమన్నారట. మగ్గాల వీధిలో ఆ బాధ లేదు, ఈ చప్పుడు ముందు ఏ గోలైనా దిగదుడుపే. సాయంత్రం కాగానే పైనుంచి పది గొంతులు ఒక్కసారిగా స రి గ మ అందుకునేవి.

కింద గుంటలో ఉన్న నాగమణి చెవి అటే పోయింది. చేతులు చీరవి, కాళ్ళు గుంటవి, కళ్ళు అంచువి. చెవులొక్కటే ఎవరూ అడగనివి. వారం తిరక్కముందే ఆమె లోగొంతుకతో పాడడం మొదలుపెట్టింది. ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం. ఎనిమిది స్వరాలు, ఎనిమిది దెబ్బలు. ఎవరో కొలిచి పెట్టినట్టు కుదిరింది. స రి గ మ ప ద ని స అని ఎక్కేది. మొగుడు వంగి చూసి ఊఁ అనేవాడు. స ని ద ప మ గ రి స అని దిగేది. పైన పిల్లలు ఎక్కడా ఆగేవాళ్ళు కారు. అయితే వాళ్ళు ఎత్తుకునేది ఒకచోట, ఈమె దెబ్బ పడేది ఇంకోచోట. రాగం వాళ్ళ దగ్గర పట్టుకుంది, నడక మాత్రం తన మగ్గం దగ్గరే పట్టుకుంది.

ఏడాది గడిచాక ఎనిమిదేళ్ళ కూతురు మంజుల తానూ సంగీతానికి పోతానని మారాం చేసింది. ఉమాశంకర్ సరేనన్నాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర నాగమణి గొంతు సవరించుకుంది.

“బిడ్డను ఒక్కదాన్నే పంపేదెట్లా? నేనూ తోడు పోతా.”

“యాడికి తోడు? ఎదురింటికా?” అన్నాడు ఉమాశంకర్.

మజ్జిగ పోస్తున్న అత్త వెంకటలక్ష్మమ్మ కోడలి ముఖం చూసింది. ఆమె కూడా పాతికేళ్ళు ఆ గుంటలోనే, ఆ కుడి పక్కనే కూర్చుని లేచిన మనిషి. ఇప్పుడు కన్ను మసకబారి రాట్నం దగ్గరికి మారింది.

“పోనీరా. దారిలో బస్సులు, లారీలు తిరగతాండాయి కదా” అంది ముసలమ్మ నవ్వకుండా. ఆ వీధిలో ఎద్దులబండి కూడా తిరగలేదు. “ఆ గంటసేపు నీ పక్కన నేను కూసుంటాలే.”

అట్లా నాగమణి గుంటలోంచి రోజుకు ఒక గంట బయటపడింది. లక్ష్మక్క మెట్ల దగ్గర నిలబడి, ‘మొక్కై వంగంది మానై వంగుతుందా నాగమణీ’ అంది. వంగి వంగి నడుము పడిపోయినదాన్ని, ఇంకేం వంగాలి అని నాగమణి మనసులోనే అనుకుని మెట్లెక్కింది.

చాప మీద పిల్లలందరి వెనక, గోడకు ఆనుకుని కూర్చుంది. రాధిక టీచర్ శ్రుతిపెట్టె మీట నొక్కింది. గదినిండా ఒకే నాదం పరుచుకుంది.

“ఇది శ్రుతి. ఇది మన ఇల్లు అనుకోండి. ఎంత పైకి పోయినా, ఎంత కిందికి దిగినా మళ్ళా ఈడికే రావాల. స్వరాలంటే ఆ ఇంటి మెట్లు. లయ అంటే నడక. మెట్టు మీద కాలు పెట్టేది ఎంత ముఖ్యమో, ఎప్పుడు పెడతామనేదీ అంతే ముఖ్యం. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటారు పెద్దోళ్ళు. ఆ నడక తప్పకుండా చేత్తో కొలిచేదే తాళం.”

తొడ మీద చేయి వేసి చూపించింది. ఒక దెబ్బ. చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. మళ్ళీ దెబ్బ, అరచేయి తిప్పడం. ఇంకోసారి దెబ్బ, తిప్పడం. అంతా కలిపి ఎనిమిది. ఆది తాళం.

ఎనిమిది అని వినగానే నాగమణికి ప్రాణం లేచొచ్చింది. ఇది నాకు తెలిసిందే కదా అనుకుంది. వంతు రాగానే కళ్ళు దించుకుని అందుకుంది. ఆమె గొంతు శ్రుతిలో అట్లా కలిసిపోయేసరికి టీచర్ తల ఎత్తి చూసింది. స రి గ మ ప ద ని స. పై షడ్జం మీద గొంతు నిలిచింది, చేయి గాలిలో నిలిచింది, ఆ తర్వాత నింపాదిగా స ని ద ప అని దిగింది.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. మంజుల తల్లి కొంగు లాగింది.

“గొంతు బాగుండాది నాగమణీ. పైన ఎందుకు ఆగినావు? ఆగకుండా పాడు” అంది టీచర్.

మళ్ళీ పాడింది, మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగకూడదని గట్టిగా అనుకుని పాడింది, ఇంకా ఎక్కువసేపు ఆగింది. ఎనిమిది లెక్కల తాళంలో ఆమె ఒక్కతే తొమ్మిది వేస్తోంది. ఆ తొమ్మిదోది పాటలో భాగమేననే ఇంతకాలం అనుకుంది మరి. నేర్చుకున్న తప్పును దిద్దుకోవచ్చు, తప్పని తెలియకుండా ఏడాదిపాటు ఇష్టంగా పాడుకున్నదాన్ని ఎట్లా దిద్దుకోవాలి?

నెల తిరిగేసరికి మంజుల జంట స్వరాలు దాటి అలంకారాలకు పోయింది. కూతురి ఈడు పిల్లలంతా ముందుకు జరిగారు. కొత్తగా చేరిన ఐదారేళ్ళ పసివాళ్ళు వచ్చి నాగమణి పక్కన కూర్చున్నారు. ఆమె మొదటి సరళి స్వరం దగ్గరే ఉండిపోయింది.

ఒకరోజు టీచర్ విసుక్కోకుండా దగ్గరికి జరిగి మెల్లగా అడిగింది.

“ఆడికొచ్చేసరికి నువ్వు ఎవురి కోసరమో ఎదురుచూస్తాండావమ్మా. ఎవురి కోసరం?”

నాగమణి కిటికీ వైపు తిరిగింది. ఎదురుగా, వీధికి అవతల, తన ఇల్లు. లోపలినుంచి తన మగ్గం చప్పుడు. ఆ మగ్గాన్ని ఇన్నేళ్ళలో ఆమె బయటినుంచి విన్నది లేదు. టక్, టక్, టక్. ఎనిమిది దాటింది. ఆగలేదు. మళ్ళీ ఎనిమిది దాటింది. ఆగలేదు. కుడి పక్కన అత్త కూర్చుని ఉంది. సూదిలో దారం ఎక్కించుకోలేని మసక కళ్ళ అత్త. అయినా ఉమాశంకర్ వంగి చూడడం లేదు, ఊఁ అనడం లేదు. మగ్గం రైలుబండిలా సాగిపోతోంది.

అంటే ఆ ఊఁ మగ్గానిది కాదు, చీరది కాదు. తన ఒక్కదాని కోసం పెట్టింది. నాగమణికి దుఃఖం పొంగుకొచ్చింది. పిల్లల ముందు ఏడవలేక శ్రుతిపెట్టె వైపు చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ చీరకు జాగ్రత్త అనుకున్నది, నమ్మకం లేకపోవడం. అంతే.

మరుసటి రోజు గుంటలో కూర్చోగానే ఆమె చెవికి ఊఁ తప్ప ఇంకేమీ వినబడలేదు. ముందు అది ఎంత విసిగించినా మగ్గం చప్పుళ్ళలో ఒకటి. ఇప్పుడు చెప్పులో రాయి. మధ్యాహ్నం దాకా ఓర్చుకుని అడిగింది.

“అత్త కూసున్నప్పుడు నువ్వు ఆపేది లేదంట కదా.”

“అమ్మ చేయి పాత చేయి. దానికి చూసే పని లేదు.”

“నాది తొమ్మిదేండ్ల చేయి.”

ఉమాశంకర్‌కు ఆ మాటలో కోపం ఉందని కూడా తెలియలేదు. వంగి అంచు తడిమాడు. “ఊఁ. కానీ” అన్నాడు.

దసరా ముందు రాధిక టీచర్ భర్తకు గుంతకల్లుకు బదిలీ అయింది. వచ్చే వారమే ప్రయాణం. పోయేలోపల, తాళం కుదిరినవాళ్ళందరికీ మొదటి గీతం ఎత్తించి పోతానని టీచర్ చెప్పింది. స్వరాలు ఓనమాలైతే గీతం మొదటి పాట. అందులో మాటలుంటాయి. తాళం రానివాళ్ళకు అది ఇచ్చినా నిలవదు, వాళ్ళు ఇంకో టీచర్ దగ్గర మొదటినుంచి మొదలుపెట్టుకోవాల్సిందే. ఆ ఊళ్ళో, నాగమణి దాటిపోగలిగిన దూరంలో, ఇంకో టీచర్ ఎక్కడుంది? గుంటలోంచి ఎదురింటి మిద్దె దాకానే ఆమె తాడు. టీచర్ పోయేలోపల చేతికి ఒక పాట రావాలి, లేకపోతే ఏడాదిపాటు విన్నదీ, ఇన్ని నెలలు పసిపిల్లల మధ్య కూర్చున్నదీ బూడిదలో పోసిన పన్నీరే.

ఆ వారమంతా ఆమె గిన్నెలు తోముతూ తాళం వేసింది, చపాతీ పిండి మీద వేసింది, నిద్రపట్టక పక్క మీద వేసింది. బయట బాగానే వచ్చేది. గుంటలోకి దిగిందా, మొదటికొచ్చేది. పగలంతా ఆగడం నేర్పించుకున్న ఒళ్ళు సాయంత్రం ఒక గంటలో దాన్ని ఎట్లా మరిచిపోతుంది?

చివరి రోజు ఆమె మెట్లెక్కుతుంటే వెంకటలక్ష్మమ్మ మోకాళ్ళు పట్టేసి గుంటలోకి దిగలేకపోయింది. మగ్గం ఆగిపోయింది. చేయడానికి పనిలేక ఉమాశంకర్ వీధి దాటి వచ్చి, మిద్దె గది గడప బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెళ్ళాం తొందరగా వస్తే చీకటి పడేలోగా జానెడు నేయవచ్చని అతని ఆలోచన. నాగమణి అతన్ని చూసింది. గది ఇరుకైపోయింది.

పిల్లలంతా ఒక్కొక్కరే పాడారు. మంజుల మూడు కాలాల్లోనూ, ఒక్కో కాలానికీ వేగం రెట్టింపు చేస్తూ, గలగలా పాడేసి తండ్రి వైపు చూసి నవ్వింది. ఇక మిగిలింది ఆమె తల్లే.

“మొదటి సరళి చాలు. ఆగకుండా” అంది టీచర్.

నాగమణి తొడ మీద చేయి వేసింది. స రి గ మ ప ద ని స. ఎనిమిదో లెక్కకు అరచేయి తిరిగింది. గొంతు నిలిచింది. గదిలో శ్రుతిపెట్టె తప్ప ఇంకే చప్పుడూ లేదు.

“ఊఁ” అన్నాడు ఉమాశంకర్ గడప బయటినుంచి.

పిల్లలు గొల్లుమన్నారు. అందరికంటే ముందు నవ్వింది మంజులే. ఉమాశంకర్ అందరినీ వింతగా చూశాడు, తాను నోరు తెరిచినట్టు అతనికి తెలియనే తెలియదు. అతని ఒళ్ళు మాత్రం కుడివైపుకు కాస్త వంగి ఉంది.

రాధిక టీచర్ నవ్వలేదు. ఒకసారి గడప వైపు, ఒకసారి నాగమణి వైపు చూసింది. తాను అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకు దొరికినట్టుంది.

“మళ్ళా పాడు” అంది. “ఈసారి నా చేయి చూడు. ఇంక యాడా చూడద్దు.”

నాగమణికి తల తిరిగినంత పనైంది. సిగ్గు కాదు. పిల్లల నవ్వులో ఆమెకు ఇంతకాలం కనబడనిది కనబడింది. ఇంత చిన్న మాటా? నవ్వుకుని పక్కకు పెట్టదగిన ఈ చప్పుడు కోసమా తాను ఇన్నేళ్ళు ఊపిరి బిగబట్టింది? ఆమె టీచర్ చేతి మీద చూపు నిలిపి అందుకుంది. స రి గ మ ప ద ని స, స ని ద ప మ గ రి స. మధ్యలో గడప బయటినుంచి మళ్ళీ ఏదో వినబడింది. అది వచ్చేసరికి ఆమె నిషాదం దాటి ధైవతం మీద ఉంది. తిరిగి ఎక్కింది, దిగింది, రెండో కాలం పట్టింది. చేయి ఎక్కడా గాలిలో నిలవలేదు.

ఆ సాయంత్రం టీచర్ పిల్లలకు గీతం అంతా ఎత్తించింది. నాగమణికి మొదటి చరణం మాత్రమే కుదిరింది. ఉమాశంకర్ గడప దగ్గర రెండుసార్లు దగ్గాడు, చీకటి పడుతోందని. ఆమె లేచి టీచర్ కాళ్ళకు దండం పెట్టి, కూతురి చేయి పట్టుకుని మెట్లు దిగింది.

పొద్దున్నే మళ్ళీ గుంట. అదే చీర, అదే అంచు. వెంకటలక్ష్మమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నాగమణి లోపల్లోపల కొత్త చరణం అనుకుంటూ నాడె అందుకుంది. ఎనిమిదో దెబ్బ పడింది. ఉమాశంకర్ చేయి ఆపి, వంగి, వేలు చాచాడు. అప్పటికే ఆమె నాడె విసిరింది. అది అతని వేలి కణుపుకు తగిలింది.

“ఏమైంది నీకు? చూడనీ.”

“చూసేదానికేముండాది? సరిగ్గానే ఉండాది.”

“అదే, సరిగ్గా ఉండాదా లేదా అని...”

“ఆ ఒక్కసారి తప్ప ఎన్ని తప్పులు దొరికె నీకు?” అంది నాగమణి. గొంతు పెంచలేదు. “చెప్పు. తొమ్మిదేండ్లు తడిమినావు కదా.”

ఉమాశంకర్ వేలు వెనక్కి తీసుకున్నాడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు, పాపం. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

రాట్నం ఆగింది. “నేను కూసున్న గంటల్లో నేసిన పక్క ఎప్పుడన్నా చూసినావురా?” అంది వెంకటలక్ష్మమ్మ. “నాకు కన్ను ఆనదు. తడుముకుంటా మెలేస్తాండా. చుట్ట విప్పి చూడు.”

అతను నేసిన చీర చుట్టను కొంచెం వెనక్కు తిప్పి చూశాడు. కుడి అంచు వెంబడి అక్కడక్కడా సన్నని సందులు. వాటిని సూదితో, అదే రంగు పోగుతో, ఎవరో చాలా ఓపికగా కలిపి ఉన్నారు. ఎవరో ఏమిటి, ఆ ఇంట్లో సూది కనబడే ఆడమనిషి ఒక్కతే. ఉమాశంకర్ ఆ కుట్లను వేలితో తడిమి చూశాడు. చుట్టను మళ్ళీ బిగించాడు. ఎవరి వైపూ చూడలేదు.

మగ్గం కదిలింది. నాగమణి కాళ్ళు అప్పుడే తిమ్మిరెక్కుతున్నాయి. మధ్యాహ్నం దాకా లేచేది లేదు, ఇక సాయంత్రాలు పోవడానికి మిద్దె మీద ఎవరూ లేరు. చేతిలో ఒక్క చరణం ఉంది. ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదో దెబ్బ పడగానే ఉమాశంకర్ ఒళ్ళు దానంతటదే కుడివైపుకు వాలబోయింది. పళ్ళు బిగించి దాన్ని నిటారుగా నిలబెట్టుకున్నాడు. నోరు మాత్రం మాట వినలేదు.

“ఊఁ” అన్నాడు.

అప్పటికే నాగమణి నాడె అవతలి అంచుకు చేరింది.